సీలు రెండుసార్లు మార్చినా హౌసింగ్ కారుతోందంటే

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 2003 మోడల్ క్వాలిస్, ఉండేది హాలియాలో. వారానికి రెండు మూడుసార్లు మిర్యాలగూడ, మధ్యలో పొలానికి యూరియా బస్తాలు. వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య, లోపల పళ్ల చక్రాలుండే ఉబ్బు పెట్టె) ముక్కు దగ్గర, అంటే గేరుబాక్సు నుంచి తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి కలిసేచోట, ఆయిల్ కారుతోంది. అక్కడ ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు, అదే పినియన్ సీలు, మార్పిస్తే ఐదు నెలలు ఆగింది. మళ్లీ మార్పిస్తే ఇరవై రోజులు కూడా ఆగలేదు. శబ్దం ఏమీ లేదు. ఇప్పుడు మెకానిక్ "హౌసింగే దించాలి, క్రౌన్ పినియన్ పోయినట్టుంది" అంటున్నాడు. అంటే హౌసింగ్ లోపలి పళ్ల చక్రాల జత, పినియన్ చిన్నది, క్రౌన్ పెద్దది. ఖర్చు పెట్టాలా, బండి అమ్మేయాలా అని అడిగావు. చివర్లో "ఎడమ వెనక టైరు లోపలివైపు కూడా కొంచెం తడిగా ఉంది" అని ఒక ముక్క రాసి వదిలేశావు.

ముందు ఆ ముక్క సంగతి చూడు. మిగతాదంతా దాని తర్వాతే.

పినియన్ దగ్గర కారితే వాకిలి పాడవుతుంది, లోపల ఆయిల్ తగ్గుతుంది. చక్రం దగ్గర కారితే బ్రేకు పోతుంది. నీ బండికి వెనక డ్రమ్ బ్రేకులు. హౌసింగ్‌లో ఉన్న ఆయిలే యాక్సిల్ గొట్టం వెంట చక్రం దాకా పాకుతుంది. అక్కడ దాన్ని ఆపేది ఇంకో సీలు. అది పోతే ఆయిల్ డ్రమ్ములోకి దిగి, డ్రమ్మును పట్టి ఆపే బ్రేకు షూల లైనింగుకు పడుతుంది. అప్పుడు ఒకవైపు బ్రేకు పట్టదు, గట్టిగా తొక్కితే బండి పక్కకు లాగుతుంది. వాన పడ్డ రోడ్డు మీద, వెనక నలుగురు పిల్లలు కూర్చుని ఉండగా అది తెలుసుకోవడం మంచిది కాదు.

రేపు పొద్దున ఎడమ వెనక చక్రం, డ్రమ్ము విప్పించు. తడి దేనిదో చూడు. వేలికి అంటించుకుని వాసన చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. గేరు ఆయిల్‌లో గంధకం కలిపి ఉంటుంది, కుళ్లిన కోడిగుడ్డు లాంటి ఘాటు వస్తుంది, చేయి రెండుసార్లు సబ్బుతో కడిగినా పోదు. బ్రేకు ఆయిల్ పల్చగా జారుతుంది, నీళ్లు పోస్తే కలిసి పోతుంది, రంగు మీద పడితే రంగు లేస్తుంది. అది బ్రేకు ఆయిల్ అయితే పోయింది షూలను తోసే వీల్ సిలిండరు, యాక్సిల్ సీలు కాదు. రెండింటిలో ఏదైనా సరే, లైనింగు తడిసిందంటే షూలు మార్చాల్సిందే. పెట్రోలుతో కడిగి ఎండలో పెట్టి మళ్లీ బిగిస్తారు కొందరు. పైకి ఆరినట్టే ఉంటుంది, వేడెక్కగానే లోపల తాగిన ఆయిల్ మళ్లీ పైకి ఊరుతుంది. షూలు మార్చేటప్పుడు రెండువైపులా మార్చు, ఒకవైపు కొత్తవి, ఒకవైపు పాతవి ఉంటే బండి అలాగే లాగుతుంది.

ఇక పినియన్ సంగతి.

నాకు కల్వకుర్తిలో షెడ్డు ఉంది. అంతకుముందు దేవరకొండలో పని నేర్చుకున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బండ్ల కిందే బతుకు. మొదట అంబాసిడర్లు, జీపులు, తర్వాత సుమోలు, క్వాలిస్‌లు, బొలెరోలు. వీటన్నిటికీ ఇంజిన్ ముందు, తోసే చక్రాలు వెనక. మధ్యలో హౌసింగ్. డిఫరెన్షియల్ అంటే మన దిక్కు ఎవరికీ అర్థం కాదు, హౌసింగ్ అంటేనే తెలుస్తుంది. ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, మొదటిసారి పోయిన సీలుది ఎక్కువసార్లు వయసు. రెండోసారి, మూడోసారి పోయిందంటే తప్పు సీలుది కాదు. పక్కన ఇంకేదో దాన్ని చంపుతోంది. అది పట్టుకోకుండా మూడో సీలు వేస్తే మూడోదీ పోతుంది.

నీ కేసులో నాకు పట్టుకున్న అనుమానం ఒకటుంది, కానీ వరసగా వెళ్దాం, ఎందుకంటే మొదట చూడాల్సినదానికి రూపాయి ఖర్చు లేదు.

హౌసింగ్ పైన, యాక్సిల్ గొట్టం మీద, చిన్న టోపీ పెట్టిన బోల్టు లాంటిది ఒకటి ఉంటుంది. బ్రీదరు అంటారు. హౌసింగ్ ఊపిరి తీసుకునేది దానితోనే. బండి నడిస్తే లోపల ఆయిలూ గాలీ వేడెక్కుతాయి. 35 డిగ్రీల దగ్గర మూసిన గాలి 95 డిగ్రీలకు చేరితే దాని ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. బ్రీదరు బాగుంటే ఆ గాలి బయటికి పోతుంది. మూసుకుపోతే ఆ ఒత్తిడికి దారి సీళ్లే. ముందు పినియన్ సీలు, ఆ తర్వాత చక్రాల సీళ్లు. ముక్కు దగ్గర కారడం, ఎడమ చక్రం తడవడం రెండూ ఒకేసారి వచ్చాయంటే నా చూపు మొదట బ్రీదరు మీదికే పోతుంది.

మన దిక్కు బ్రీదర్లు మూసుకుపోకుండా ఉంటేనే ఆశ్చర్యం. సాగర్ ఎడమ కాలువ కింద మడుల గట్ల మీద నడిచిన బండి కదా, బురద ఎగిరి పడుతుంది, ఎండుతుంది, దాని మీద ఆయిల్ తడి, దాని మీద మళ్లీ దుమ్ము. టోపీ సిమెంటు పోసినట్టు గట్టిపడిపోతుంది. నువ్వు కింద దూరి ఆ టోపీని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పు. వదులుగా తిరగాలి, ఊపితే టకటక కదలాలి. కదలకపోతే విప్పి, పెట్రోలులో నానబెట్టి, సన్న తీగతో పొడిచి, నోటితో ఊది చూడు. అప్పటికీ గాలి పోకపోతే కొత్తది వెయ్యి. విప్పే ముందు చుట్టూ మట్టి గీకి తుడవడం మరిచిపోకు, లేకపోతే ఆ మట్టంతా హౌసింగ్‌లో పడుతుంది.

నాలుగేళ్ల కింద అచ్చంపేట నుంచి ఒక సుమో వచ్చింది. మూడు సీళ్లు మార్చారట. టోపీ పట్టుకుంటే కదల్లేదు. పానా వేసి బోల్టు వదులు చేయగానే సోడా సీసా మూత తీసినట్టు బుస్సుమంది. డ్రైవరు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. దానికి కొత్త బ్రీదరు, నాలుగో సీలు వేసి పంపించాను. మళ్లీ ఆ పని మీద రాలేదు.

బ్రీదరు తర్వాత ఆయిల్ మట్టం. హౌసింగ్‌కి రెండు బోల్టులు ఉంటాయి, నింపేది పైన, వదిలేది కింద. బండి సమంగా ఉన్నప్పుడు నింపే రంధ్రం అంచు దాకా ఆయిల్ ఉంటే సరిపోతుంది. చాలామంది వెనకభాగం జాకీ మీద ఎత్తి ఉండగానే, పంపుతో కొడుతూ "ఇంకా పడుతోంది" అని నింపుతారు. బండి దిగాక మట్టం మారుతుంది. ఎక్కువైన ఆయిల్‌ను క్రౌన్ చిలుకుతుంది, నురుగు వస్తుంది, వేడి పెరుగుతుంది. సీలు మార్చిన రోజు మీ మెకానిక్ ఎలా నింపాడో గుర్తు తెచ్చుకో. సమంగా ఉన్న చోట నింపే బోల్టు విప్పితే ధారగా కారిందంటే ఎక్కువైందని అర్థం, కారినంత కారనివ్వు. వేలు పెట్టి చూసినప్పుడు ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్లు కలిశాయి. దాన్ని పూర్తిగా తీసేయాలి.

ఇంకో మాట, ఇది పనికొచ్చేది. ఆయిల్ తీసేముందు నింపే బోల్టు వదులవుతుందో లేదో చూసుకోవాలి. ముందు కింది బోల్టు విప్పి ఆయిలంతా నేలపాలు చేసి, పై బోల్టు తుప్పు పట్టి రాకపోతే ఏం చేస్తావు? బండి ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

ఇప్పుడు కారేది నిజంగా పినియన్ దగ్గరేనా అన్నది. ప్రొపెల్లర్ షాఫ్ట్ గాలిపంకాలా తిరుగుతుంది, గేరుబాక్సు తోక దగ్గర కారినా గాలికి వెనక్కి కొట్టుకొచ్చి హౌసింగ్ అంతా పూస్తుంది. కిరోసిన్‌తో ముక్కు భాగం కడిగి, గుడ్డతో పొడిగా తుడిచి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లు. తెల్లగా పట్టుకుంటుంది. సాగర్ దాకా వెళ్లి వచ్చి టార్చి వేసి చూడు. తెల్లదనంలో ఎక్కడ మొదటి నల్ల చార కనిపిస్తే అక్కడే కారుతోంది. కొన్నిసార్లు సీలు దగ్గర కాదు, హౌసింగ్ ముఖానికి ఉన్న ప్యాకింగు దగ్గర కనిపిస్తుంది. అదైతే పని వేరు, పినియన్ జోలికే పోనక్కర్లేదు.

పినియన్ దగ్గరే అని తేలిందనుకుందాం. అప్పుడు ఫ్లాంజిని, అంటే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పినియన్‌కు కలిపి బిగించే బిళ్లను, చూడాలి. ఎక్కువమంది మెకానిక్‌లు గుడ్డతో తుడిచి పక్కన పెట్టేది ఇదే, కారణం ఎక్కువసార్లు దాక్కునేదీ ఇక్కడే.

సీలు రబ్బరు పెదవి ఈ ఫ్లాంజి మెడ మీద ఆనుకుని ఉంటుంది. చక్రం ఒక్కసారి తిరిగితే ఫ్లాంజి నాలుగుసార్ల దాకా తిరుగుతుంది. రోడ్డు మీద 80 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి రెండు వేలకు పైగా తిరుగుతుందన్నమాట, ఇరవై ఏళ్లుగా, ఒకే గీత మీద. రబ్బరు ఇనుమును ఎలా తింటుంది అంటారు. తినేది రబ్బరు కాదు, రబ్బరులో ఇరుక్కున్న దుమ్ము. సానరాయిలా ఆ గీతను గీకుతూనే ఉంటుంది. ఫ్లాంజి విప్పాక మెడను పెట్రోలుతో కడిగి, వెలుతురు వైపు తిప్పి చూడు. మెరుస్తున్న గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది. గీత ఉండటం తప్పు కాదు. చూపుడు వేలి గోరును నిలువుగా పెట్టి మెడ మీద మెల్లగా అడ్డంగా లాగు. గోరు ఆ గీతలో టక్కున ఆగిందా, అక్కడ గాడి పడింది. కొత్త సీలు పెదవి ఆ గాడిలోకి దిగి వదులుగా కూర్చుంటుంది. నాలుగు వారాలో, నాలుగు నెలలో ఆగి, మళ్లీ కారుతుంది.

గాడి పడితే దారులు మూడు. ఒకటి, కొత్త ఫ్లాంజి. క్వాలిస్ రాక ఎప్పుడో ఆగిపోయినా సామాను ఇంకా దొరుకుతుంది, నల్గొండలో లేకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడగాలి. రెండు, స్క్రాప్‌లో మంచి ఫ్లాంజి ఏరుకోవడం. ఇది చవక, కానీ పక్కనే నిలబడి గోరు పెట్టి చూసుకుని కొను. మూడు, మెడ మీద పల్చటి స్టీలు తొడుగు ఎక్కించడం. ఆ కొలత తొడుగు దొరికితే అంతకన్నా మంచి పని లేదు. లేత్ మీద పెట్టి గాడి పోయేదాకా తోమిద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకు. మెడ సన్నబడుతుంది, సీలు ఇంకా వదులవుతుంది. ఏదీ దొరకని రోజు నేను చేసే చిన్న కిటుకు ఒకటుంది. సీలు గూడులో జాగా ఉంటే, కొత్త సీలును పాతదాని కన్నా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు బయటికి కూర్చోబెడతాను. పెదవి గాడి పక్కన కొత్త చోట ఆనుతుంది. అన్ని బండ్లకూ కుదరదు, కుదిరిన బండికి మాత్రం ఏళ్లు వెళ్తుంది.

ఇదంతా విప్పక ముందే ఒక పరీక్ష చెయ్యాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ నాలుగు బోల్టులు తీసి పక్కకు కట్టి, ఫ్లాంజిని రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ కుదుపు. కొంచెం కూడా కదలకూడదు. తిప్పితే కొంచెం ఆడటం వేరు, అది పళ్ల మధ్య ఖాళీ, ఉంటుంది. పైకీ కిందికీ కదిలిందా, పినియన్ బేరింగు పోయింది, లేదా నట్టు వదులైంది. ఊగే మెడ మీద ఏ సీలూ నిలబడదు. షాఫ్ట్ చేతిలో ఉన్నప్పుడే దాని కొసల్లో కీళ్లలా ఉండే క్రాసులు కూడా తిప్పి చూడు, ఎండిపోయి పట్టేసిన క్రాసు బండి పరుగెత్తినప్పుడు వణుకు పుట్టిస్తుంది, ఆ వణుకు నేరుగా పినియన్ సీలుకే వెళ్తుంది.

ఇక్కడే ప్రాణం సంగతి కూడా చెప్తాను. వెనకభాగం ఎత్తి ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పాక, గేరులో పెట్టినా బండిని ఏదీ ఆపదు. చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలను, అవి గాల్లో ఉన్నాయి. ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాకే, స్టాండ్ల మీద దింపాకే కింద దూరాలి. వట్టి జాకీ మీద వద్దు. ఇటుకల మీద అసలే వద్దు, ఇటుక చెప్పి పగలదు.

ఇప్పుడు నా అనుమానం. మొదటి సీలు ఐదు నెలలు, రెండోది ఇరవై రోజులు. బ్రీదరో గాడో మాత్రమే అయితే రెండూ ఇంచుమించు ఒకేలా ఆగేవి. రెండోది ఇంత తొందరగా పోయిందంటే, రెండోసారి చేసిన పనిలోనే ఏదో జరిగింది. పెదవి మడతపడి కోసుకుపోయి ఉండాలి, లేదా సీలు వంకరగా కూర్చుని ఉండాలి, లేదా ఉలితో పాత సీలు పెకిలించేటప్పుడు గూడు గోడకు గీత పడి ఉండాలి. అవేవీ కాకపోతే నట్టు. నాకు నట్టు మీదే ఎక్కువ అనుమానం.

పినియన్ నట్టు అన్ని నట్ల లాంటిది కాదు. దాని కింద రెండు బేరింగులు, వాటి మధ్య ఒక గొట్టం ఉంటుంది. కొన్ని బండ్లలో ఆ గొట్టం నట్టు బిగిస్తుంటే నలుగుతూ బేరింగులకు సరైన బిగువు ఇస్తుంది. దాన్ని క్రష్ స్లీవ్ అంటారు. కొన్నిట్లో గట్టి గొట్టం, సన్న షిమ్ములు, అంటే పల్చటి రేకు బిళ్లలు. నలిగే గొట్టం అయితే, ఎక్కువ బిగిస్తే ఇంకా నలుగుతుంది, బేరింగు బిగుసుకుంటుంది. అయ్యో ఎక్కువైందే అని నట్టు వెనక్కి తిప్పితే ఆ గొట్టం మళ్లీ సాగి రాదు. బిగువు పోతుంది, నట్టు వదులుగానే ఉంటుంది. అప్పుడు హౌసింగ్ విప్పి కొత్త గొట్టం వేయాల్సిందే. తక్కువ బిగిస్తే పినియన్ ఊగుతుంది, సీలు పోతుంది, కొన్నాళ్లకు పళ్లు కూడా పోతాయి.

నేను ఈ పాఠం నా సొంత డబ్బుతో నేర్చుకున్నాను. దేవరకొండలో పని కొత్త, వయసు ఇరవై. ఒక జీపుకు పినియన్ సీలు మార్చి, గట్టిగా ఉంటే మంచిదే కదా అని పానాకు మూరెడు పైపు తొడిగి ఎగిరి మీద నిలబడ్డాను. ఫ్లాంజిని చేత్తో తిప్పితే బరువుగా తిరిగింది. అది గట్టిదనం అనుకున్నాను. ఆ జీపు శ్రీశైలం బయల్దేరింది. రాత్రి తొమ్మిది దాటితే మన్ననూరు దగ్గర అడవి గేటు మూసేస్తారు కదా, ఆలోపు దాటాలని డ్రైవరు తొక్కుకుంటూ పోయాడు. గేటుకు ముందే వెనక నుంచి ఈల మొదలైందట, ఘాట్ రోడ్డు ఎక్కేసరికి ఏడుపు అయింది. హౌసింగ్ మీద నీళ్లు పోస్తే ఆవిరి లేచింది. బేరింగులు నీలం రంగుకు తిరిగాయి. నా మూడు నెలల జీతం అందులో పోయింది. మా మేస్త్రీ తిట్టలేదు, ఆ నీలం బేరింగును నా పానాల పెట్టెలో వేసి మూత పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

కాబట్టి నీ మెకానిక్ నట్టు విప్పే ముందు నువ్వు పక్కన నిలబడి మూడు పనులు చేయించు. ఒక స్ప్రింగు కాటా తెచ్చి, ఫ్లాంజి బోల్టు రంధ్రానికి తాడు కట్టి, మెల్లగా లాగి, పినియన్ తిరుగుతున్నప్పుడు కాటా ఎంత చూపిస్తుందో రాసుకోండి. మధ్య నుంచి ఐదు సెంటీమీటర్ల దూరంలో కట్టిన తాడును తిప్పడానికి రెండు కిలోల బలం పడితే, అది పది కిలో-సెంటీమీటర్లు. సంఖ్య ఎంతైనా సరే, విప్పక ముందున్నది రాసి పెట్టుకోవడం ముఖ్యం. ఇది చక్రాలు, డ్రమ్ములు తీసేసి చూస్తేనే సరిగ్గా తెలుస్తుంది, బ్రేకు రాపిడి కలవకూడదు. తర్వాత నట్టు మీద, పినియన్ కొస మీద, ఫ్లాంజి మీద సెంటరు పంచితో ఒకే వరసలో మూడు చుక్కలు. చివరికి, నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్క. తిరిగి బిగించేటప్పుడు చుక్కలు కలిసేదాకా వచ్చి, ఆ తర్వాత వెంట్రుకవాసి ముందుకు. కాటా చూడాలి. పాత సంఖ్యో, దానికి కొంచెం ఎక్కువో వస్తే ఆపేయాలి. పైపు తొడగడం కాదు, కాటా చెప్పాలి. మొదటిసారీ రెండోసారీ ఇవేవీ చేయలేదు కాబట్టి ఇప్పుడున్న సంఖ్యే నిజమైనదో కాదో తెలియదు, అందుకే ఫ్లాంజి ఊగుడు పరీక్ష నీకు మరీ ముఖ్యం. ఊగకుండా, గరగర లేకుండా మెత్తగా తిరిగితే అదృష్టం.

సీలు కొనేటప్పుడు పాత సీలు చేతిలో పట్టుకుని వెళ్లు. దాని ముఖం మీద మూడు కొలతలు అచ్చు వేసి ఉంటాయి, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ కొలతలు కలిస్తే చాలదు, పెదవి పక్కన తిరుగుడు గీతలు ఉంటే అవి ఏ వైపు తిరిగాయో కూడా కలవాలి. ఆ గీతలు ఆయిల్‌ను లోపలికి తోసేవి, తప్పు వైపువి వేస్తే బయటికి తోస్తాయి. మామూలు నైట్రైల్ రబ్బరు వంద డిగ్రీల దగ్గర దాకా తట్టుకుంటుంది. విటాన్ అనే రబ్బరు రెండు వందల దాకా. దొరికితే విటాన్ తీసుకో, తేడా వందల్లోనే ఉంటుంది. కూర్చోబెట్టేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు లోపలికి, ఆయిల్ వైపుకి. పెదవికి గేరు ఆయిల్ రాయాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి చుట్టులోనే కాలుతుంది. సుత్తితో నేరుగా కొట్టకుండా, బయటి అంచుకు సరిపడా పైపు ముక్కో పాత బేరింగు రింగో పెట్టి చుట్టూ సమంగా దించాలి. గూడుకు గీత పడి ఉంటే సీలు బయటి అంచుకు గ్యాస్కెట్ పేస్టు పల్చగా పూస్తే సరిపోతుంది. బయట నుంచి దట్టంగా పూసి పూడ్చేవాళ్లను చూశాను. అది కారే కుండకు బయట నుంచి మట్టి మెత్తడం.

ఆయిల్ విషయం చిన్నదే. హౌసింగ్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, జారుతాయి కూడా, అందుకే జీఎల్-5 రకం కావాలి. చిక్కదనం 80డబ్ల్యూ-90 గానీ 85డబ్ల్యూ-140 గానీ, నీ బండి పుస్తకంలో ఉన్నది వెయ్యి. కారుతోంది కదా చిక్కటిది పోద్దాం అని 140 పోస్తారు. ఎండాకాలం 44, 45 డిగ్రీలు కొట్టే నల్గొండలో, బస్తాలు మోసే బండికి 140 తప్పేం కాదు, కానీ అది కారడానికి మందు కాదు. సీలును ఉబ్బించే సీసా మందులు కూడా అమ్ముతారు. నాకు వాటి మీద నమ్మకం లేదు. పాత రబ్బరు కొన్నాళ్లు మెత్తబడుతుంది, ఆ తర్వాత గుజ్జవుతుంది.

క్రౌన్ పినియన్ పోయిందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను, ఇప్పుడే ఒప్పుకోను. పళ్లు పోతే ముందు చెవికి తెలుస్తుంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక ఈల, వదిలినప్పుడు ఇంకో ఈల. బేరింగు పోతే వేగంతో పాటు పెరిగే గుయ్ గుయ్. నీకు ఏ శబ్దమూ లేదన్నావు. ఆయిల్ తీసినప్పుడు కింది బోల్టు చూడు. చాలా బండ్లలో దానికి అయస్కాంతం ఉంటుంది, లేకపోతే మామూలు అయస్కాంతం ఒకటి ఆ ఆయిల్‌లో ముంచు. బూడిద రంగు గుజ్జు అంటుకుంటే అది వయసు, ఇరవై ఏళ్ల బండికి మామూలే. చేప పొలుసుల్లాంటి ముక్కలు, సూది మొనలాంటివి వస్తే అప్పుడు హౌసింగ్ దించడం గురించి మాట్లాడదాం. సీలు, బ్రీదరు, ఆయిల్ అన్నీ కలిపినా కొన్ని వేలలో తేలే పని. క్రౌన్ పినియన్ జత, బేరింగులు, సెట్టింగు చేసే మేస్త్రీ కూలి కలిస్తే అది వేరే లెక్క. పైగా పాత పళ్లు ఒకదానికొకటి అలవాటు పడి నిశ్శబ్దంగా తిరుగుతున్నప్పుడు, చేయి తిరగని వాడు విప్పి బిగిస్తే లేని శబ్దం వస్తుంది.

అమ్మడం నీ ఇష్టం. కానీ కారుతున్న బండిని అమ్మితే కొనేవాడు హౌసింగ్ మొత్తం ధర కోసుకునే కొంటాడు. బాగు చేసి అమ్మినా నీకే లాభం.

ఒక అలవాటు మాత్రం మార్చుకో. ఎండలో మిర్యాలగూడ దాకా వెళ్లొచ్చి, హౌసింగ్ చేయి పెట్టలేనంత వేడిగా ఉండగా, తిన్నగా కాలువలోకో సర్వీసింగు సెంటరుకో తీసుకెళ్లి కింద నీళ్లు కొట్టిస్తారు. వేడి హౌసింగ్ ఒక్కసారిగా చల్లబడితే లోపల గాలి ముడుచుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. బ్రీదరు దగ్గర, సీలు పెదవి దగ్గర ఏముంటే అది లోపలికి పోతుంది. అప్పుడు అక్కడుండేవి నీళ్లే. గంట ఆగి కడిగించు. వాగులు దాటే పని ఎక్కువుంటే బ్రీదరు టోపీ తీసి, దానికి సరిపోయే రబ్బరు గొట్టం తొడిగి, చాసిస్ పైదాకా తీసుకెళ్లి, కొస కిందికి వంచి కట్టించు. మా దగ్గర డిండి వైపు తిరిగే బండ్లకు అందరికీ అదే చేస్తాను.

పినియన్ దగ్గర చెమట పట్టినట్టు తడి ఉంటే, చుక్క కింద పడకపోతే, కంగారు లేదు, వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి మట్టం చూసుకుంటూ నడపొచ్చు. పొద్దున లేచేసరికి నేల మీద చేయెడంత మరక ఉందంటే ఆలస్యం చేయకు. ఎడమ చక్రం డ్రమ్ము విప్పించేదాకా మాత్రం బండిని వాకిట్లోనే ఉంచు, యూరియా బస్తాలు పక్కింటి వాళ్ల ట్రాక్టరులో తెప్పించుకో. డ్రమ్ములో ఏముందో, బ్రీదరు టోపీ తిరిగిందో లేదో, ఫ్లాంజి ఊగిందో లేదో, ఈ మూడూ రాస్తే తర్వాత ఏం విప్పాలో చెప్తాను.